కాపీలో లేని వాక్యం

సోమవారం పొద్దున బల్ల మీదికి వచ్చిన ప్రూఫుల కట్టలో మూడో కథ ఆమెదే. ఆ వారపత్రిక ఆఫీసులో ప్రూఫులు దిద్దే మనిషి ఆమె ఒక్కతే కనక, కథ రాసింది సాక్షాత్తూ దేవుడైనా దాన్ని దిద్దక ఆమెకు తప్పదు. ఇరవై రెండేళ్ళుగా పరాయివాళ్ళ కథల్లో పొల్లులూ దీర్ఘాలూ ఏరుకుంటూ కూర్చున్న మనిషి, నలభై ఆరో ఏట తనూ ఒక కథ రాసి, పేరు కనపడకుండా చీటీ అంటించి ఎడిటరుగారి బల్ల మీద పెట్టింది. ఆయన చదివి బావుందన్నాకే చీటీ తీసింది. శుక్రవారం సంచికలో వేస్తున్నామన్నాడాయన. ఆ మాట బయటికి వచ్చిన దగ్గర్నుంచి, గేటు దగ్గర వాచ్‌మన్‌తో సహా అందరూ ప్రూఫులక్క అనడం మానేసి రచయిత్రిగారూ అని ఏడిపించడం మొదలుపెట్టారు. ఆమె విసుక్కుంది కానీ లోపల్లోపల బాగానే ఉంది. సోమవారం పదకొండున్నర దాకా బాగానే ఉంది.

ఆ ఆఫీసులో ప్రూఫు దిద్దడం ఇద్దరి పని. ఒకరు రచయిత చేతిరాత కాపీ పట్టుకుని, కామాలూ ఫుల్‌స్టాపులతో సహా పైకి చదవాలి. రెండోవారు కంపోజింగ్ గదిలోంచి వచ్చిన ప్రూఫు మీద పెన్ను మొన కదుపుతూ వినాలి. గొంతు చదివింది ప్రూఫులో లేకపోతే ఎర్ర పెన్ను రాస్తుంది. ప్రూఫులో ఉన్నది గొంతు చదవకపోతే ఎర్ర పెన్ను కొట్టేస్తుంది. అంతకుమించి ఆలోచించకూడదు. కథలో ఏం జరుగుతోందా అని చూడబోతే అచ్చుతప్పులు కళ్ళెదుటే జారిపోతాయి.

ఇప్పుడు కాపీ చదివేది కంపోజింగ్ మేస్త్రి కోడలు. ఇద్దరు పిల్లల తల్లి. ఏడాదికి పదకొండు నెలలు జలుబు. ఎంత గొప్ప రచయిత కథనైనా ముక్కుతో సరుకుల చీటీ చదివినట్టు చదివేస్తుంది. ప్రూఫులక్క కథనూ అలాగే మొదలుపెట్టింది. మొదటి పేజీ సాఫీగా సాగింది. రెండో పేజీ సగంలో మేస్త్రి కోడలు చదివింది.

"పని అయిపోయాక కూడా అమ్మ తన చేతుల్ని కామా ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నవాటిలా కామా ఒంటికి దూరంగా పట్టుకునేది ఫుల్‌స్టాప్."

పెన్ను మొన ఆగిపోయింది. చదివింది మేస్త్రి కోడలే. కానీ ప్రూఫులక్క చెవిలో పడింది కామా బాబాయి గొంతు. పొగచుట్టలకు బొంగురుపోయి, కామా దగ్గర కాస్త ఎగిరి, ఫుల్‌స్టాప్ దగ్గర కూర్చునే ఆ గొంతు ఆమెకు తన గొంతు కంటే బాగా తెలుసు. పంతొమ్మిదేళ్ళు ఆయన చదివాడు, ఆమె దిద్దింది. ఇంట్లో భార్యతో మాట్లాడేటప్పుడు కూడా కామాలు పైకి అంటాడని చెప్పుకునేవాళ్ళు. అందుకే ఆ పేరు. ఆయన రిటైరై మూడేళ్ళయింది. ఆమె ఈ కథ రాసి రెండు నెలలు కూడా కాలేదు. మరి ఈ వాక్యం ఆ గొంతులో ఎలా వినపడింది?

ఒకే ఒక్క దారిలో వినపడగలదు. ఎప్పుడో ఎవరి కథో ఆయన చదువుతుంటే తను విన్నది. విన్నది చెవిలోనే ఉండిపోయి, ఇన్నాళ్ళకు తన వాక్యంలా తన చేతిలోంచి బయటికి వచ్చింది. 

"తప్పు పడిందా అక్కా?" అంది మేస్త్రి కోడలు.

"లేదు. చదువు."

ఆ తరవాత రెండు అచ్చుతప్పులు వదిలేసింది. ఆ రెండూ మేస్త్రి కోడలే చూపించాల్సి వచ్చింది. ఇరవై రెండేళ్ళలో అలాంటిది జరగలేదు.

మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని అందరూ చుట్టూ కూర్చున్నప్పుడు మేస్త్రి హాస్యమాడాడు. రేపు ఎవరైనా పాఠకుడు పాత పుస్తకం పట్టుకుని వస్తే ఏం చెప్పాలో ఇప్పుడే నేర్చుకో అక్కా అని, లెక్కల మాస్టారిలా చేతులు కట్టుకుని, అది నేను రాయలేదండీ అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. 

లెక్కల మాస్టారి సంగతి ఆ ఆఫీసులో అయిదేళ్ళుగా నలుగుతున్న హాస్యం. ఎక్కడో బళ్ళో లెక్కలు చెప్పే ఒకాయన కథ పంపితే వేశారు. అచ్చయి వచ్చాక ప్రూఫులక్క ఇంట్లో తీరిగ్గా చదువుకుంటూ ఒక వాక్యం దగ్గర ఆగింది. 'తలుపు మూసుకున్నాక గది పెద్దదైంది.' అంతకు ఏడేళ్ళ ముందు సంచికలో, వేరే ఎవరో రాసిన కథలో, అక్షరం పొల్లుపోకుండా అదే వాక్యం ఉంది. ఆమె పాత సంచిక వెతికి తీసి ఎడిటరుగారి ముందు పెట్టింది. ఆయన శభాష్ అన్నాడు. ఒక్క వాక్యమే కదా అని ఎవరూ అనలేదు, ఆమె కూడా అనలేదు. ఒకటి ఎత్తినవాడు మిగతావి వదులుతాడా అన్నాడు ఎడిటరుగారు. తరవాతి వారం చివరి పేజీలో నల్ల గీతల పెట్టె కట్టి, మాస్టారి పేరు ఇంటిపేరుతో సహా వేసి, ఇతరుల రచనను తనదిగా పంపిన ఈ వ్యక్తి కథలు ఇకమీదట తీసుకోబోమని ప్రకటించారు. మాస్టారు ఉత్తరం రాశాడు. ఆ వాక్యం నేను రాయలేదండీ, నా కథలోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు, నా చిత్తుప్రతి పంపిస్తాను చూడండి అని. జవాబు కోసం స్టాంపు అంటించిన కవరు కూడా జతచేశాడు. ఆయన పంపిన అసలు కాపీ అప్పటికే, ప్రతి శనివారం అమ్మేసే చిత్తుకాగితాలతో పాటు వెళ్ళిపోయింది. చిత్తుప్రతిదేముంది, ఇవాళ కూర్చుని రాసుకోవచ్చు అన్నారు ఇక్కడ. ఉత్తరం చేతులు మారి మారి నలిగింది. నీ కథలో వాక్యం నువ్వు రాయకపోతే మీ పక్కింటాయన రాశాడా అని నవ్వుకున్నారు. ఆ కవరు ఎవరో సొంతానికి వాడుకున్నారు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఆమె భర్త హుషారుగా ఉన్నాడు. బస్సు డిపోలో టైమ్‌కీపరు ఆయన. డ్రైవర్లకూ కండక్టర్లకూ తలా ఒక సంచిక కొనేట్టు ఒప్పించేశానని, శుక్రవారం డిపో అంతా నీ కథే చదువుతుందని చెప్పాడు. ఆమె చేతిలో గ్లాసు కింద పెట్టింది. ఆ వాక్యం చదివి వినిపించి, ఇది ఎక్కడైనా విన్నట్టుందా అని అడిగింది. ఆయన ఆలోచించి, అచ్చులో ఉన్నవన్నీ నాకు ఎక్కడో విన్నట్టే ఉంటాయే అన్నాడు. ఆ మనిషిని అడగడం తనదే బుద్ధితక్కువ అనుకుంది.

*

మంగళవారం మధ్యాహ్నం ఏదో పాత తేదీ సరిచూడాలని చెప్పి పాత సంచికల గది తాళం తీసుకుంది. ఏడాదికొకటి చొప్పున అట్టలు కట్టిన సంపుటాలు గోడ పొడుగునా ఉన్నాయి. గదిలో కిటికీ లేదు, చెమ్మ వాసన. ఒక్కో సంపుటం దించి నేల మీద పెట్టుకుని, ముందు కళ్ళతో వెతకబోయింది. పేజీలు తిరుగుతున్నాయి కానీ ఏదీ తగలడం లేదు. తనకు కథలు కంటితో గుర్తుండవని అప్పుడు అర్థమైంది. గొంతు తగ్గించి, ఎవరూ వినకుండా, కామాలతో సహా పైకి చదవడం మొదలుపెట్టింది. అప్పుడు ఒక్కో కథా పలికింది. ఇది వర్షం రోజు దిద్దింది, ఇది బాబాయికి దగ్గు పట్టుకున్న వారం దిద్దింది అని తెలిసిపోసాగింది. తలుపు అవతల ఎవరి అడుగు వినపడ్డా నోరు మూసుకుని సంపుటం ఒళ్ళోకి లాక్కునేది.

నాలుగు కావస్తుండగా, తొమ్మిదేళ్ళ కిందటి సంపుటంలో దొరికింది.

కథ పెద్దాయనది. ఆయన్ని అందరూ అలాగే అంటారు. ఆయన కథ వస్తే ఆ వారం సంచికలు ఎక్కువ వేస్తారు. అదీ మామూలు కథ కాదు, ఆయన కథల పుస్తకానికి ఆ కథ పేరే పెట్టారు. రోగులకు సేవ చేసే ఒక ముసలావిడ కథ. మూడో పేజీలో, 'పని అయిపోయాక కూడా ఆవిడ తన చేతుల్ని, ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నవాటిలా, ఒంటికి దూరంగా పట్టుకునేది.' తన కథలో అమ్మ, ఇక్కడ ఆవిడ. మిగతాదంతా ఒక్కటే. కామాలు పడ్డ చోట్లు కూడా ఒక్కటే.

ఆమె ఆ పేజీ మీద అరచెయ్యి పెట్టి అలాగే కూర్చుండిపోయింది.  ఇంకో మనిషి కథైతే ఎవరూ చూడకపోవచ్చు. ఇది అందరూ చదివిన కథ. శుక్రవారం సంచిక వెళితే సోమవారానికల్లా ఉత్తరాలు వస్తాయి. చివరి పేజీలో పెట్టె ఎలా కడతారో, ఏ అక్షరాలు వాడతారో, తన ఇంటిపేరు ఆ పెట్టెలో ఎలా కనపడుతుందో ఆమెకు స్పష్టంగా తెలుసు. డిపోలో టైమ్‌కీపరు బల్ల దగ్గర భర్త ముఖం ఎలా ఉంటుందో కూడా కనపడింది.

అంతకంటే పెద్ద భయం ఆ వెనకే వచ్చింది. ఆమె తల్లి ఆసుపత్రి బట్టల గదిలో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసేది. సాయంత్రం ఇంటికి వచ్చి గుమ్మంలో కూర్చుని, చేతులు రెండూ మోకాళ్ళకు అవతల గాలిలో వదిలేసి పెట్టుకునేది. ఇది తను కళ్ళారా చూసింది. చూసిందా? లేక తొమ్మిదేళ్ళ కింద పెద్దాయన కథలో విని, ఆ చేతులు తెచ్చి అమ్మకు తగిలించిందా? అమ్మ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఎవరిని అడగాలి?

మెట్ల కింద నిలబడి చెల్లెలికి ఫోన్ చేసింది. అమ్మ చేతులు ఎలా పెట్టుకునేదో గుర్తుందా అని అడిగింది. చెల్లెలు, "ఏమోనే అక్కా, చేతులు చేతుల్లాగే ఉండేవి. ఎందుకూ?" అంది. ఏం లేదులే అని పెట్టేసింది.

మళ్ళీ గదిలోకి వెళ్ళి, ఆ సంపుటాన్ని వేరే సంపుటాల వెనక, అంచు గోడవైపు తిరిగేలా దాచేసింది. దాచాక తను చేసిన పని చూసి సిగ్గుపడింది. ఇప్పటిదాకా దొంగ అవునో కాదో తెలియదు, ఇప్పుడు మాత్రం దొంగ పనే చేసింది. అయినా తీసి బయట పెట్టలేదు.

*

బుధవారం సగం రోజు సెలవు పెట్టి కామా బాబాయి ఇంటికి వెళ్ళింది. సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన రెండు గదులు. పిన్ని కిటికీ దగ్గర మిషను కుడుతోంది. పిన్ని దగ్గరికి జనం పాత బట్టలు తెస్తారు, వదులు చేయడానికో బిగించడానికో. బాబాయి నేల మీద చాప వేసుకుని, భూతద్దం ఒక కంటికి ఆనించుకుని, బ్లేడు ముక్కతో ఒక కోటు కుట్లు విప్పుతున్నాడు. ఒక్కో కుట్టూ తెంపి, దారం ముక్క వేలితో లాగి పక్కన చిన్న కుప్పలా పెడుతున్నాడు. ఆమెను చూసి సంబరపడ్డాడు. కథ సంగతి తెలిసిందని, మేస్త్రి కబురు చేశాడని, ఇంతకాలానికి మంచి పని చేశావని అన్నాడు. పిన్ని మిషను ఆపి లేచి టీ పెట్టింది.

ఆమె చేతిసంచీలోంచి తన కథ తీసింది. చదవండి బాబాయ్ అని ఇచ్చింది. ఎందుకని అడగలేదాయన. భూతద్దం కాగితం మీదికి మార్చి, పాత అలవాటు కొద్దీ కామాలతో సహా మొదలుపెట్టాడు. ఆమె తన చేతిలో పెన్ను లేకపోయినా వేలిమొన ఒళ్ళో కదుపుతూ విన్నది. రెండో పేజీ. పని అయిపోయాక కూడా అమ్మ తన చేతుల్ని కామా అని ఆయన ఆగాడు. మిగతాది కాగితం చూడకుండా చదివాడు.

"ఇది ఎక్కడిదో తెలుసా బాబాయ్?"

"తెలుసు. నీదే."

"కాదు. పెద్దాయన కథలో ఉంది. నిన్న నా కళ్ళతో చూశాను."

"ఉంటుంది," అన్నాడు బాబాయి. "నేనే పెట్టాను."

ఆమెకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆయన భూతద్దం కింద పెట్టి, బ్లేడు ముక్క కాగితంలో చుట్టి జేబులో వేసుకుని, నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. కుర్రతనంలో తనూ కథలు రాశాడు. పంపినవన్నీ తిరిగి వచ్చాయి. రాయడం మానేశాడు కానీ వాక్యాలు రావడం మానలేదు. అందరి కథలూ చదువుతూ కూర్చునే ఉద్యోగం, ఎక్కడైనా కథ చప్పగా ఉన్నచోట, కాపీలో లేని వాక్యం ఒకటి గొంతులోంచి జారేది. మొదటిసారి నిజంగా పొరపాటునే జారింది. ఆమె తలెత్తకుండా ఎర్ర పెన్నుతో రాసేసింది. కంపోజింగ్ గదిలో దాన్ని అలాగే ఎక్కించారు. శుక్రవారం అచ్చులో తన వాక్యం చూసుకుని ఆయన ఇంటికి వెళ్ళి భార్యకు చూపించాడు. తరవాత అప్పుడప్పుడు పెడుతూ వచ్చాడు. మేస్త్రి మీద నువ్వు ఎన్నిసార్లు కేకలేశావో గుర్తుందా అన్నాడు. వాక్యాలు మింగేస్తున్నారు మీ వాళ్ళు అంటే, మేస్త్రి పిల్లల మీద ఒట్టేసి కాపీలో ఉన్నదంతా ఎక్కించామనేవాడు. పాపం నిజమే చెప్పేవాడు.

"రచయితలు చూసుకోరా?" అంది ఆమె.

"చూసుకుంటారు. నేనే ఎప్పుడో రాసి మర్చిపోయానులే అనుకునేవాళ్ళు కొందరు. బావుందని ఊరుకున్నవాళ్ళు కొందరు. బావున్న వాక్యం నాది కాదని ఎవడు చెప్పుకుంటాడమ్మా?"

"మరి ఇది నాదెలా అయింది?"

"ఒకరోజు మధ్యాహ్నం నువ్వే అన్నావు. మీ అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చి గుమ్మంలో ఎలా కూర్చునేదో చూపించావు. చేతులు ఇలా పెట్టి." ఆయన తన చేతులు రెండూ మోకాళ్ళకు అవతల గాలిలో పెట్టి చూపించాడు. "ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు పెట్టుకునేది బాబాయ్ అన్నావు. ఆ వారమే పెద్దాయన కథ వచ్చింది. అందులో ముసలావిడ చేతుల గురించి ఆయన అయిదు లైన్లు రాశాడు, అయిదూ దండగ. అక్కడ నీ మాట కాస్త సాపు చేసి చదివాను. నువ్వే రాశావు దాన్ని ప్రూఫు మీద. నీకు తెలియలేదు."

గుమ్మం, మోకాళ్ళు, గాలిలో తేలిన రెండు చేతులు. అమ్మవి అమ్మకు తిరిగి వచ్చాయి. ఆమెకు కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.  తను దొంగ కాదు. తన వాక్యమే ఇంకొకరి ఇంట్లో తొమ్మిదేళ్ళు ఉండి వచ్చింది. పిన్ని టీ గ్లాసు చేతికిచ్చింది. ఒక గుక్క తాగింది. రెండో గుక్క తాగబోతూ గ్లాసు దింపేసింది.

"ఇంకా ఎన్ని పెట్టారు బాబాయ్?"

"లెక్క పెట్టుకున్నానా ఏమన్నా."

"తలుపు మూసుకున్నాక," అంది ఆమె, ఆయన ముఖంలోకి చూస్తూ.

మిషను దగ్గరికి వెళుతున్న పిన్ని అక్కడే ఆగిపోయింది. బాబాయి దారం ముక్కల కుప్పను అరచేత్తో దగ్గరికి తోశాడు.

"గది పెద్దదైంది," అన్నాడు. ఫుల్‌స్టాప్ అనలేదు. ఆయన ఫుల్‌స్టాప్ అనకుండా వాక్యం ముగించడం ఆమె వినడం అదే మొదటిసారి.

వాళ్ళ చిన్నమ్మాయి పోయిన రోజు, అందరూ వెళ్ళిపోయి తలుపు వేసుకున్నాక, ఈ గదే అంతకు ముందు లేనంత పెద్దగా కనపడిందట. అది ఆయన సొంత వాక్యం. ఒకసారి ఎవరి కథలోనో పెట్టాడు. ఏడేళ్ళ తరవాత మాస్టారి కథలో బిడ్డను పోగొట్టుకున్న తండ్రి ఒకడు వచ్చాడు. చదువుతుంటే గొంతు ఆగలేదు. ముందొకసారి పెట్టిన సంగతి గుర్తే లేదు. ఆమె పాత సంచిక తెచ్చి ఎడిటరుగారి ముందు పెట్టినప్పుడే గుర్తొచ్చింది.

"అప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. భయమేసింది," అన్నాడాయన. "ఇప్పుడు చెప్పు, నా పేరు పెట్టే చెప్పు. నన్ను చేసేదేముంది? కానీ అమ్మా, ఆ ప్రూఫు మీద చేతిరాత మాత్రం నీదే."

ఆయన బెదిరించడానికి అనలేదు. ఉన్నమాట అన్నాడు, అంతే. ఆమె మెట్లు దిగి, కొట్టు ముందు నిలబెట్టిన సైకిలు సీటు పట్టుకుని కాసేపు నిలబడింది. నిన్నటి దాకా ఉన్న భయం వేరు. అందులో తనను ఎవరో పట్టుకుంటారు. ఇందులో పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఆ వాక్యాన్ని మాస్టారి కథలో తన చేత్తోనే రాసింది. తను రాసిన వాక్యాన్నే తను దొంగసొత్తని పట్టుకుంది. శభాష్ అనిపించుకుంది.

*

గురువారం మధ్యాహ్నం మూడింటికి పేజీలు అచ్చుకు దిగుతాయి. పది గంటలకే ఎడిటరుగారి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసి, ఉన్నదంతా చెప్పింది. ఆయన మొదట నవ్వాడు. నవ్వు ఆపి కళ్ళజోడు తీశాడు. సాక్ష్యం ఏముంది అని అడిగాడు. కాపీలు ఒక్కటీ లేవు. బాబాయి చెబుతాడంది. రిటైరైన ముసలాయన మాట నమ్మి పెద్దాయన దగ్గరికి వెళ్ళి, మీ వాక్యం మీది కాదట అనమంటావా అన్నాడు. పెద్దాయనను వదిలేయండి, మాస్టారి సంగతి చూడండి అంది. అది అయిదేళ్ళ కిందటి మాట, ఆయన ఎప్పుడో మర్చిపోయి ఉంటాడన్నాడు ఎడిటరుగారు. స్టాంపు అంటించి పంపిన కవరు ఆమె కళ్ళముందు కదిలింది.

"నేను చెప్పేది విను," అన్నాడాయన, దయగానే. "నీ కథలో ఆ ఒక్క వాక్యం కొట్టేసెయ్. కథకేం లోటు రాదు. మిగతాదంతా తవ్వుకుంటూ పోతే, ఇన్నేళ్ళ సంచికల్లో ఏది ఎవరు రాశారో తేల్చమంటారు జనం. మనకి పత్రికుండదు, నీకు ఉద్యోగముండదు."

సరేనండీ అని బయటికి వచ్చింది. ఆ సరే భయంతో అన్నదే. బల్ల ముందు కూర్చుంది. ఉద్యోగం పోతే ఇంకో పని చేతకాదు తనకు. ఎర్ర పెన్ను తీసి, రెండో పేజీలో ఆ వాక్యం మొదట్లో మొన ఆనించింది. ఒక్క గీత గీస్తే చాలు. గీత లాగబోతుంటే ఆమెకు అర్థమైంది, ఇది కొట్టేస్తే తనను ఎవరూ ఏమీ అడగరు. కొట్టకపోతే సోమవారం నుంచి అడుగుతారు. అప్పుడు, అది నేనే రాశానండీ, ఆయన కథలోకి ఎలా వెళ్ళిందో నాకు తెలుసండీ అని చెప్పుకుంటూ నిలబడాలి. అందరూ నవ్వుతారు. మాస్టారు నిలబడ్డది అక్కడే.

పెన్ను మొన ఎత్తేసింది. వాక్యం అలాగే ఉంది, పక్కన ఒక ఎర్ర చుక్కతో.

తెల్లకాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది. మూడుసార్లు రాసి చింపింది. నాలుగోసారి కుదిరింది. చివరి పేజీలో, అడుగున, ప్రకటన ఒకటి రాక ఏడు లైన్ల చోటు ఖాళీగా ఉంది. ఆ పేజీ మీద ఎడిటరుగారి సంతకం పొద్దున్నే అయిపోయింది. సంతకం అయ్యాక పేజీ మీద చెయ్యి పెట్టే హక్కు ఆ ఆఫీసులో ప్రూఫులక్క ఒక్కదానికే ఉంది, అదీ తప్పులు దిద్దడానికి. ఇది తప్పే కదా అనుకుంది. కాగితం తీసుకెళ్ళి మేస్త్రికిచ్చి, చివరి పేజీలో వదిలేసిన లైన్లు ఇవి అంది. మేస్త్రి చేతిరాత చూశాడు, మాట చూడలేదు. మీ వాళ్ళు మింగేశారు అనలేదేమిటక్కా ఈసారి అన్నాడు. ఇంకెప్పుడూ అననులే అంది. ఆ మాటకు ఆయన వింతగా చూశాడు.

రెండున్నరకు కొత్త ప్రూఫు వచ్చింది. ఆమె తను రాసిన కాగితం మేస్త్రి కోడలికిచ్చి, ప్రూఫు తన ముందుకు లాక్కుంది. మేస్త్రి కోడలు ముక్కు తుడుచుకుని చదవబోయి, మొదటి లైను చూసి తల ఎత్తింది.

"ఇది ఎడిటరుగారి కాపీ కాదక్కా. నీ రాత."

"నాదే. చదువు."

"సవరణ కొత్త పేరా," అని మొదలుపెట్టింది మేస్త్రి కోడలు, గొంతు తగ్గించి. "అయిదేళ్ళ కిందట మా పత్రికలో వచ్చిన ఒక కథలో కోట్ మార్కు తలుపు మూసుకున్నాక గది పెద్దదైంది కోట్ మార్కు అన్న వాక్యం ఆ రచయిత రాసింది కాదు ఫుల్‌స్టాప్. ఆయన కాపీలో అది లేదు ఫుల్‌స్టాప్. ప్రూఫులు దిద్దేటప్పుడు నా చేత్తో చేరింది ఫుల్‌స్టాప్. ఆయన మీద మేము వేసిన నింద అబద్ధం ఫుల్‌స్టాప్. క్షమించమని కోరుతూ కామా ప్రూఫులు దిద్దిన మనిషి."

ప్రూఫులక్క పెన్ను మొన ఒక్కో మాట కిందా ఆగి ఆగి సాగింది. చెవిలో బాబాయి గొంతు లేదు. జలుబు పట్టిన మేస్త్రి కోడలి గొంతే ఉంది. భయం మాత్రం పోలేదు, అరచేతిలో చెమటకు పెన్ను జారుతోంది. అవతలి గదిలో ఎడిటరుగారి కుర్చీ కదిలిన చప్పుడైంది. మేస్త్రి కోడలు కాగితం మీద చెయ్యి కప్పింది. మళ్ళీ ఏమీ వినపడలేదు.

"కింద, ఆ కథ రాసినవారు అని మాస్టారి పేరుంది," అంది మేస్త్రి కోడలు. "పేరు కూడా చదవాలా అక్కా?"

"చదవాలి. ఇంటిపేరుతో సహా."

మేస్త్రి కోడలు లెక్కల మాస్టారి పేరు అక్షరం అక్షరం విడదీసి చదివింది. ప్రూఫులక్క ప్రతి అక్షరం కిందా మొన ఆనించి, గుణింతం సరిచూసి, చివర సరిపోయిందని చిన్న గీత పెట్టింది. అయిదేళ్ళ కిందట ఆ పేరు నల్ల పెట్టెలో పడినప్పుడు కూడా ఇలాగే, ఒక్క అచ్చుతప్పు లేకుండా దిద్దింది.